చంద్రునిలో చెమ్మ

ఇస్త్రీపెట్టె కాగినప్పుడు తాకకుండానే చేతికి సెగ తగులుతుంది. కంటికి మాత్రం ఏమీ కనబడదు. ఆ కనబడని వెలుగునే పరారుణ కాంతి అంటారు. ఎండలోనూ అది ఉన్నది. ఎండ ఒక రాతిమీద పడి తిరిగివచ్చేటప్పుడు, ఆ రాతిలోని ఖనిజాలు కొన్ని అలలను మింగివేస్తాయి. ఏ అల ఎంత తగ్గినదో చూస్తే రాయి ఏదో చెప్పవచ్చును. అలా చూచే యంత్రమే వర్ణపటమాపకం. మాబోటి గుమాస్తాలకు ఇది తెలియని విద్య కాదు: జమ ఎంత, తిరిగివచ్చినది ఎంత, తరుగు ఏ పద్దులో?

2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-1లో అమెరికావారి యంత్రం ఇటువంటిదే ఒకటి వెళ్ళినది. నీటి తాలూకు తరుగు 3 మైక్రానుల దగ్గర పడుతుంది. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. యంత్రపు చూపు సరిగా 3 దగ్గరే ఆగుతుంది. అయినా ఆ అంచున తరుగు కనబడినది, అందులోనూ ధ్రువాలవైపు ఎక్కువగా. అపోలో యాత్రికులు తెచ్చిన రాళ్ళను బట్టి చంద్రుడు ఎండిపోయినవాడని లోకం నమ్మియున్నది. అందుచేత శాస్త్రజ్ఞులు ముందు తమ యంత్రాన్నే అనుమానించారు. 1999లో కస్సిని నౌక, 2009 జూనులో డీప్ ఇంపాక్ట్ నౌక తీసిన లెక్కలతో సరిచూచి, మూడు పుస్తకాలూ ఒక్కమాటే చెప్పిన మీదట 2009 సెప్టెంబరులో ప్రకటించారు.

ఐతే ఒక చిక్కు మిగిలినది. పగటివేళ చంద్రుని నేల నూరు డిగ్రీలు దాటి కాగుతుంది. ఆ వేడికి తానూ పరారుణం వెదజల్లుతుంది. ఈ సొంత వెలుగు తిరిగివచ్చిన ఎండతో కలిస్తే తరుగు పూడినట్లు కనబడుతుంది. వేడి పద్దు వేరుచేయాలంటే 3కు ఆవల కూడా చూడవలె. అందుకే 2019 జూలై 22న వెళ్ళిన చంద్రయాన్-2 యంత్రానికి మన ఇస్రోవారు 5 మైక్రానుల వరకు చూపునిచ్చారు. చూపు పెరిగితే మరొక చిక్కు: వెచ్చగా ఉన్న యంత్రం తన సెగను తానే చూచుకొంటుంది! దానికని కాంతిని పట్టే పలకను సున్నకు దిగువ సుమారు 180 డిగ్రీల చలిలో ఉంచారు.

చంద్రునిలో నీళ్ళున్నవా అని ఇంట్లో పిల్లలడిగితే, ఉన్నవనే చెప్పండి. కాని ఎండపడే ఆ నేలలో చెంబు ముంచుకొనేటట్లు కాదు. మట్టిరేణువులను అంటిపెట్టుకొని, లెక్కకు మాత్రమే అందేటంత.