మీథేన్ ఎండకు దొరుకుతుంది, వెతికించండి

కేంద్ర పెట్రోలియం, సహజవాయువు శాఖ మంత్రిగారికి,

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగమైన మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. కానీ ఎండలో దాక్కోలేదు. నేలను తాకి పైకి మళ్లే సూర్యకాంతిలో 1.65, 2.3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గరి కిరణాలను అది మింగేస్తుంది. పైనుంచి చూసే స్పెక్ట్రోమీటర్‌కు ఆ లోటే లీకేజీ ఆనవాలు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద 2022లో అమర్చిన 'ఎమిట్' అనే స్పెక్ట్రోమీటర్ పెద్ద లీకులను ఇలాగే పట్టిస్తోంది.

కోనసీమకు అది చాలదు. చిన్న లీకులు అంత ఎత్తు నుంచి కనబడవు. రాత్రిపూట, మబ్బుల్లో ఆ పరికరం పనిచేయదు. కాలువ నీళ్లు ఆ కిరణాలను దాదాపుగా వెనక్కి పంపవు. అందుకే అడుగుతున్నాను: సంక్రాంతి వెళ్లాక, ఆకాశం తేటగా ఉండే రోజుల్లో, ఇలాంటి పరికరాలున్న విమానాలను పైపులైన్ల వెంబడి తక్కువ ఎత్తులో తిప్పించండి. కాలువగట్ల మీద, తోపుల నీడలో మనుషులే డిటెక్టర్లతో నడవాలి, తప్పదు. దొరికిన ప్రతి లీకునూ, మరమ్మతు తేదీతో సహా, తెలుగులో రాయించి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. పైపు పక్కన పొయ్యి వెలిగించుకునేవాళ్లకే ఆ సంగతి ముందు తెలియాలి.

ఇట్లు,
ఒక కోనసీమవాసి