కాచుట – కాచుకొనుట

గత సంవత్సరము మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు నా యొద్దకు వచ్చి, తన యన్న చేతిఫోనుతో తాను తీసిన ఛాయాచిత్రమును చూపెను. మధుగిరి తాలూకాలోని మైదనహళ్ళి పచ్చికబయలు; అందు ముప్పది నలువది కృష్ణజింకలు; ముందున్న నల్లని పోతుజింక నాలుగు కాళ్ళును నేలను విడిచి గాలిలో నున్నది. చూచినవారందరును భేషనిరి. నేనును మెచ్చుకొని, “ఇవి యెందుకు పరుగెత్తుచున్నవి నాయనా?” అని యడిగితిని. వాడు కొంత తడవు తలవంచుకొని, “నేను వాటెంట ఉరికినాను సార్, దూరంనుంచి బాగా పడలేదని” అనెను.

వాని సత్యవాదిత్వమునకు సంతోషించితిని. కాని ఆనాటినుండి నా మనస్సున నొక ప్రశ్న నిలిచిపోయినది. ఆ పటములో నున్నది జింకల సౌందర్యమా, జింకల భయమా? మనము దేనినైనను “కాపాడుచున్నాము” అని చెప్పునప్పుడు నిజముగా చేయుచున్నదేమి? ఈ సంచిక చదువు విద్యార్థులలో పెక్కుమంది యిండ్లలో నేడు కెమెరా గల ఫోనున్నది. కావున ఈ ప్రశ్న మీకందరికిని సంబంధించినదే.

మన భాషలో ‘కాచు’ అను చక్కని మాట కలదు. గొఱ్ఱెలను కాచువాడు, పంటను కాచువాడు, బిడ్డను కాచు తల్లి – వీరందరును రక్షించువారు. ఆ మాటకే ‘కొను’ చేర్చినచో ‘కాచుకొను’ అగును. బస్సునకై కాచుకొనియుంటిమి, వానకై కాచుకొనియుంటిమి అందుము. అప్పుడు దానికి నిరీక్షించుట యని యర్థము. మన చుట్టును మాటాడు కన్నడములో ‘కాయు’ అను ధాతువునకును ఈ రెండర్థములు కలవు. రక్షించుటకును ఎదురుచూచుటకును ఒకే మాటను వాడిన మన పెద్దలు వెఱ్ఱివారు కారు. ఓర్పులేనివాడు దేనిని కాపాడలేడు. ఇదియే నా యభిప్రాయము. దీనిని మూడు తావులలో పరీక్షించి చూతము.

మొదటిది ప్రకృతి. మైదనహళ్ళియందు సుమారు 798 ఎకరముల బయలును 2007వ సంవత్సరమున కర్ణాటక ప్రభుత్వము జయమంగలి కృష్ణజింకల సంరక్షణక్షేత్రముగ ప్రకటించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనము కృష్ణజింకను మొదటి షెడ్యూలునందు చేర్చినది. దానిని చంపుట గొప్ప నేరము. కాని జింకకు ఎకరముల లెక్క తెలియదు. అది మేత వెదకికొనుచు ప్రక్క పొలములలోనికిని పోవును. తన పైరును మేసిన జింకను అదలించి విడిచిన రైతు, శాసనము చేయలేని రక్షణను చేసినవాడగుచున్నాడు. కడుపులో దూడనున్న జింకను చిత్రమునకై తరిమినవాడు, తుపాకి లేకపోయినను, వేటగానికి కొంత చుట్టమే.

అట్లని కెమెరాను నిందింపను. తుపాకికి బదులు కెమెరాను పట్టిన మహనీయులును కలరు. ఉత్తర హిందూస్థానమున అటవీశాఖలో పనిచేసిన ఫ్రెడరిక్ వాల్టర్ ఛాంపియన్ అను నతడు పులులు తిరుగు బాటలలో తీగను కట్టి, పులి దానిని త్రొక్కగనే దీపము వెలిగి చిత్రము పడునట్లు ఏర్పాటు చేసెను. అతని గ్రంథము 1927లో వెలువడినది. పులిని చంపి దాని ప్రక్కన నిలువబడి పటము తీయించుకొనుట గౌరవమైన ఆ కాలములో, బ్రతికిన పులి పటము గొప్పదని చూపినవాడతడు.

మన రాయలసీమ కథ యింకను ఆశ్చర్యకరమైనది. పందొమ్మిదవ శతాబ్దమున జెర్డన్ అను వైద్యుడు కనుగొన్న యొక పక్షి 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంట పడక, నశించిపోయినదని తలంపబడెను. 1986లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన శ్రీ భరత్ భూషణ్ కడప జిల్లాలో స్థానికుల సాయముతో దానిని మరల కనుగొనిరి. పండితుల గ్రంథములలో చచ్చిన పక్షి, పల్లెవాని నోట ‘కలివికోడి’ యను పేరుతో బ్రతికియే యుండెను! కాని పట్టుబడిన ఆ పక్షి యెక్కువకాలము జీవింపలేదు. తరువాతి పరిశోధకులు దారి మార్చిరి. పొదల నడుమ మట్టిని మెత్తగ పరచి అడుగుజాడలను పరిశీలించిరి. తమంతట తామే చిత్రము తీయు కెమెరాలను అమర్చి, పక్షిపై చేయి వేయకయే దాని యునికిని తెలిసికొనిరి. ఆ తావును తప్పించుటకై తెలుగుగంగ కాలువ దారియు మార్చబడినది. పట్టుకొన్న చేయి పక్షిని నిలుపలేదు. కాచుకొన్న కన్ను నిలుపగలిగినది.

రెండవది కుటుంబము. పందొమ్మిదవ శతాబ్దమున ఛాయాచిత్రము పడుటకు చాల సేపు పట్టెడిది. చంటిబిడ్డలు కదలక కూర్చుండలేరు గనుక, ఐరోపాలో కొందరు తల్లులు తమపై గుడ్డ కప్పుకొని, కుర్చీవలె కనబడుచు బిడ్డను ఒడిలో పట్టుకొనెడివారు. పటములో బిడ్డ ముఖము కనబడును, తల్లి కనబడదు. మన యిండ్ల గోడలపై నున్న పాత పటములను మరల చూడుడు. బిడ్డ నడుముచుట్టు ఒక చేయి, ఆ చేతికి నాలుగు గాజులు – అంతియే మిగిలియుండును. కుటుంబములో రక్షణ చేయువారు తఱచుగ చట్రమునకు వెలుపలనే యుందురు. వానలు తప్పిన యేడు బెంగుళూరునకు కూలికి పోయిన తండ్రి పండుగనాటి పటములో నుండడు; ఆ పండుగ అతని చెమటతోనే జరిగియుండును.

అయితే ఇక్కడ నొక చేదుమాట చెప్పక తప్పదు. నా యొద్ద ఒక తరగతివారి పటములు రెండు కలవు. ఎనిమిదవ తరగతిలో తీసినదానిలో రెండవ వరుస చివర నొక బాలిక నవ్వుచు నిలిచియున్నది. లెక్కలలో ఆమెకు సాటి లేదు. పదవ తరగతి పటములో ఆమె లేదు. నేనింటికి పోయి విచారించితిని. “కాలం బాగాలేదు సార్, ఆడపిల్ల. ఒక అయ్య చేతిలో పెడితే మాకు నిశ్చింత” అని పెద్దవారు పలికిరి. వారికి బిడ్డయం దభిమానము లేదని నేననజాలను. కాని వారు కాపాడినదెవరిని? తమ నిశ్చింతను కాపాడుకొనిరి. బిడ్డ చదువును, ఆరోగ్యమును, ముందు బ్రతుకును కోల్పోయిరి. బాలికకు 18, బాలునకు 21 ఏండ్లు నిండకుండ వివాహము చేయరాదని 2006 నాటి శాసనము చెప్పుచున్నది. ఆ యింటికి నేను పోయినది జరుగవలసినది జరిగిపోయిన తరువాత. ముందుగనే పోవలసియుండెను. ఆ తప్పు నాది. నేటికిని ఆ రెండవ పటమును చూచునప్పుడు, వరుస చివర మిగిలిన జానెడు చోటుపైననే నా దృష్టి పడును.

మూసిపెట్టుట కాపాడుట కాదు. విత్తనమును గాదెలో భద్రపరచుట ఒక ఋతువువరకే మంచిది; అదనున నేలలో వేయనిచో పుచ్చిపోవును.

మూడవది సమాజము. మన తాలూకాలోని తిరుమణి ప్రాంతమున, ఐదు గ్రామముల పరిధిలో, సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము నెలకొన్నది. 2018లో దానికి ప్రారంభోత్సవమైనది. ఆకాశమునుండి తీసిన దాని చిత్రమును మీరందరును చూచియుందురు. ఎండిన సీమలో నీలపు చెఱువొకటి వెలసినట్లు కన్నులపండువుగ నుండును. ఇందొక మంచి రక్షణ కలదు. భూమిని కొనక, ఎకరమునకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున మొదలిడి రెండేండ్ల కొకమారు పెరుగు కవులునకు తీసికొనిరి. భూమి రైతు పేరనే నిలిచినది. కఱవు వచ్చినను కవులు వచ్చును.

కాని ఆకాశమునుండి చూచు కన్నునకు మనుష్యుడు కనబడడు. ఆ పొలములలో వేరుసెనగ పెఱికి బ్రతికిన భూమిలేని కూలివానికి కవులు రాదు. ఆ బీళ్ళలో మందను మేపుకొన్నవానికి నేడు కంచె యడ్డము. సౌరశక్తి వలదని నేననను; బొగ్గు పొగకంటె అది వేయిరెట్లు మేలు. ఒక సంఘమును కాపాడితిమని చెప్పునప్పుడు, పటపు అంచు ఎవరిని బయట విడిచినదో చూడవలెనని మాత్రమే నా మనవి. అట్టివారికి పనియు మేతబీడును చూపిననాడే ఆ పటము పూర్తియగును.

ఇట్లే మన భాషయు. మూడుప్రక్కల తెలుగు నేల, నడుమ మన పావగడ. ఇంట తెలుగు, కచేరిలో కన్నడము, ఉద్యోగమునకు ఇంగ్లీషు – ఇది మన బ్రతుకు. అల్పసంఖ్యాకుల భాషను, లిపిని నిలుపుకొను హక్కును రాజ్యాంగపు 29వ అధికరణము ఇచ్చినది. 1956లో చేర్చిన 350-ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషయందు విద్య నేర్పు వసతి కల్పింపుమని చెప్పినది. శాసనము చట్రము వంటిది. అందుంచవలసిన పటము మనమే తేవలెను. పిల్లలు లేని బడిని ఏ యధికరణమును నిలుపజాలదు. అట్లని కన్నడమును దూరముంచుటయు రక్షణ కాదు. అది మనకు అన్నము పెట్టు నేల భాష. దానిని చక్కగ నేర్చినవాడే తెలుగును ధైర్యముగ నిలుపుకొనును. కలివికోడిని నిలిపినది శాసనమునకు ముందు పల్లెవాని నోటి మాట యని మరువకుడు.

పటము తీసినంతనే వస్తువు దక్కినదని భ్రమపడుట నేటి కాలపు పెద్ద పొరపాటు. పటము రూపమును నిలుపునే కాని ప్రాణమును నిలుపదు. “బొమ్మ తీయుట” అనుచున్నాము. తీసికొన్నవాడు మారుగ నేమిచ్చెనని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

కావున విద్యార్థులారా, మీకు మూడు పనులు సూచించుచున్నాను. ఒకటి: జంతువు మిమ్ము చూచి కదలినచో మీరు మితిమీరి దగ్గరకు పోయితిరని యెఱుగుడు, వెనుకకు జరిగి కాచుకొనుడు. గూటిని చిత్రించినచో ఆ చోటును ఊరందరికి చాటకుడు. రెండు: మనుష్యుని చిత్రము తీయుటకు ముందు అడుగుడు, పేదవాని కష్టమును అడుగక తీయుట దొంగతనమే. మూడు: ఈ సెలవులలో మీ యింటి పాత పటమునొకదానిని దింపి, అవ్వ ప్రక్కన కూర్చుండి, అందలి ప్రతివ్యక్తి పేరును వెనుక తెలుగులో వ్రాయుడు. పటములో లేనివారి పేర్లను గూడ అడిగి వ్రాయుడు. అవ్వకు జ్ఞాపకమున్న నేడే ఆ పని చేయుడు.

ఆ బాలుడు మొన్న మరల మైదనహళ్ళికి పోయివచ్చెను. ఉదయమునుండి ఒక తుమ్మచెట్టు నీడలో కూర్చుండెనట. ఈసారి పటములో జింకలు చిన్నవిగ, దూరముగ నున్నవి; ఒకటి తల వంచి పచ్చిక మేయుచున్నది, ఇంకొకటి పండుకొని నెమరు వేయుచున్నది. తోటివారెవరును భేషనలేదు. నేను మాత్రము దానినడిగి తీసికొని, తరగతి గోడకు తగిలించితిని.