మీ కేబినెట్‌కు కిటికీ ఉందా?

మీ రెజ్యూమేలో ‘ప్రాజెక్టులు’ అన్న చోట ఏం రాసుకున్నారో ఒకసారి తీసి చూడండి. నలుగురైదుగురు కలిసి చేసినట్టు చూపించే మేజర్ ప్రాజెక్టు ఒకటి, దానికో పొడవాటి పేరు. అందులో మీ చేతిపని ఎంతో మీకు తెలుసు, ఇంటర్వ్యూ చేసేవాళ్లకూ తెలుసు. రెడీమేడ్ ప్రాజెక్టులు డబ్బిస్తే దొరుకుతాయన్నది రహస్యమేం కాదు కదా! ‘ఈ అంశమే ఎందుకు ఎంచుకున్నారు?’ అని అడిగితే బట్టీ పట్టిన జవాబు చెప్పేస్తాం. ఆ జవాబు మీద ఇంకో ‘ఎందుకు?’ పడితేనే నోరు పెగలదు.

అందుకే నా సలహా కాస్త వింతగా అనిపించినా చెబుతున్నాను. మూలనపడ్డ డెస్క్‌టాప్ కేబినెట్ ఒకటి తీసుకోండి. దాని పక్క రేకు కోసి, అక్రిలిక్ షీటుతో మీ చేత్తోనే కిటికీ పెట్టండి. అదీ ఒక ప్రాజెక్టే. కొన్న మేజర్ ప్రాజెక్టు కంటే మంచి ప్రాజెక్టని నా అభిప్రాయం.

‘గాజు పలక బిగించిన కేబినెట్లే షాపులో దొరుకుతున్నాయి, ఈ తిప్పలెందుకు?’ అనొచ్చు. నిజమే. 1998లో యాపిల్ ఐమ్యాక్ లోపలి భాగాలు కనిపించే రంగు ప్లాస్టిక్‌తో వచ్చింది. దాదాపు అదే కాలంలో విదేశాల్లో కుర్రాళ్లు తమ కేబినెట్లను ఇళ్లలోనే కోసుకుని కిటికీలు పెట్టుకునేవారు. తర్వాత కంపెనీలే ఆ పని చేసి అమ్మడం మొదలుపెట్టాయి. అందం కోసమే అయితే కొనుక్కోవడమే తేలిక. నేను చెబుతున్నది అందం సంగతి కాదు. ఈ చిన్న పనిలో అడుగడుగునా ఒక నిర్ణయం తీసుకోవాలి, ప్రతి నిర్ణయానికీ కారణం చెప్పగలగాలి.

బ్లేడు సంగతే చూడండి. మామూలు కేబినెట్ రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. రేకు మధ్యలో కోయాలి కాబట్టి హ్యాక్సా ఫ్రేము లోపలికి పోదు, జిగ్‌సా మిషన్ కావాలి. దానికి ఏ బ్లేడు? అంగుళానికి 18 పళ్లున్న బ్లేడులో పన్నుకీ పన్నుకీ మధ్య 1.4 మి.మీ. దూరం. రేకు అంతకంటే పలచన. దాంతో రేకు అంచు రెండు పళ్ల మధ్య ఇరుక్కుని, మిషన్ దాన్ని టకటకా కొడుతుంది, రేకు వంగిపోతుంది. 32 పళ్ల బ్లేడు తీసుకుంటే ఆ దూరం 0.8 మి.మీ.కి తగ్గుతుంది. కింద ప్లైవుడ్ ముక్క పెట్టి, పైన మాస్కింగ్ టేపు అతికిస్తే రేకు ఊగదు, రంగు గీరుకుపోదు. ఐటీఐ ఫిట్టర్ ట్రేడ్ కుర్రాడికి ఇది మామూలు విషయం. బీటెక్ మెకానికల్ పూర్తిచేసి ఆకురాయి పట్టుకోవడం రానివాళ్లు మాత్రం చాలామందే ఉన్నారు. ఈ మాట కొందరికి రుచించదు, అయినా తప్పదు.

తర్వాత మూలలు. కోత మొదలుపెట్టే ముందు నాలుగు మూలల్లోనూ గుండ్రని రంధ్రాలు వేసుకోవాలి. బ్లేడు లోపలికి దిగడానికీ, మలుపు తిరగడానికీ అవే దారి. వాటితో ఇంకో లాభం కూడా ఉంది. పదునైన మూల దగ్గర ఒత్తిడి పోగుపడుతుంది. 1954లో కామెట్ జెట్ విమానాలు గాలిలోనే ముక్కలైనప్పుడు, పైరేకుకు కోసిన రంధ్రాల మూలల దగ్గరే పగుళ్లు మొదలయ్యాయని దర్యాప్తులో తేలింది. మీ కేబినెట్ ఆకాశంలో ఎగరదు లెండి! కానీ పుస్తకంలో ‘స్ట్రెస్ కాన్‌సంట్రేషన్’ అని చదివింది ఇదేనని డ్రిల్లు పట్టుకున్నప్పుడు తెలుస్తుంది.

అక్రిలిక్ షీటు నేమ్‌బోర్డులు చేసే షాపుల్లో దొరుకుతుంది. 3 మి.మీ. మందం చాలు. కొలత ఇస్తే వాళ్లే లేజర్‌తో కోసిస్తారు. అయితే స్క్రూ రంధ్రాలు ఎంత పెద్దవి వేయించాలో మీరే చెప్పాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. వేడికి అక్రిలిక్ ఉక్కుకంటే ఆరింతలు ఎక్కువగా సాగుతుంది. లెక్క వేయండి: 300 మి.మీ. షీటు, చలికాలం పొద్దున 15 డిగ్రీలు, ఎండాకాలం మధ్యాహ్నం 45 డిగ్రీలు. అక్రిలిక్ సుమారు 0.6 మి.మీ. సాగితే, ఉక్కు రేకు 0.1 మి.మీ. మాత్రమే సాగుతుంది. 4 మి.మీ. స్క్రూకి సరిగ్గా 4 మి.మీ. రంధ్రం వేసి గట్టిగా బిగిస్తే షీటుకు కదిలే చోటుండదు, రంధ్రం చుట్టూ చీలుతుంది. 5 మి.మీ. రంధ్రం వేయాలి, లేదంటే మెత్తటి ఫోమ్ టేపుతో అతికించాలి. ఇంకో మాట. లేజర్‌తో కోసిన అంచును స్పిరిట్‌తో తుడవకండి, వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. సబ్బు నీళ్లు చాలు.

ఇక అసలు పరీక్ష వేడి. చాలా కేబినెట్లకు పక్క రేకు మీద గాలి రంధ్రాలుంటాయి. వాటిని కోసేసి షీటు మూస్తే గాలి ఏ దారిన వస్తుంది? పని మొదలుపెట్టక ముందే హెచ్‌డబ్ల్యూమానిటర్ లాంటి సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, అరగంట బరువైన పని నడిపి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రతలు రాసుకోండి. గది ఉష్ణోగ్రత కూడా రాయండి. కిటికీ పెట్టాక అదే పని, అదే గదిలో మళ్లీ నడపండి. నాలుగు డిగ్రీలు పెరిగితే పెరిగిందనే రాయండి, దాచకండి. 120 మి.మీ. ఫ్యాను పెట్టి తగ్గించారా? అదీ రాయండి. ఇంటర్వ్యూలో ‘పెరిగింది, కారణం ఇది, ఇలా సరిచేశాను’ అన్నవాళ్ల మాట వేరుగా ఉంటుంది. ఈసీఈ వాళ్లయితే ఉక్కు తీసేసి ప్లాస్టిక్ పెడితే రేడియో తరంగాల అడ్డు ఏమవుతుందన్న ప్రశ్నకూ సిద్ధపడి వెళ్లండి.

కిటికీ పెట్టినందుకు ఎవరూ ఉద్యోగం ఇచ్చేయరు. కోడింగ్ ఉద్యోగాలకు దీనివల్ల పెద్దగా ఒరిగేదీ లేదు, అక్కడ మీరు రాసిన కోడే చూపించాలి. కానీ ప్రొడక్షన్, డిజైన్, క్వాలిటీ, హార్డ్‌వేర్ సర్వీస్ వైపు వెళ్లేవాళ్లకు ఇది మాట కలిపే దారి. రెజ్యూమేలో ‘హాబీ: టెక్నాలజీ’ అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. ‘డెస్క్‌టాప్ కేబినెట్‌కు 3 మి.మీ. అక్రిలిక్ కిటికీ: డ్రాయింగ్, కోత, ముందూ తర్వాతా ఉష్ణోగ్రత కొలతలు’ అని ఒక్క లైను రాస్తే తప్పకుండా అడుగుతారు. ఫోన్‌లో నాలుగు ఫొటోలు, చేత్తో గీసిన డ్రాయింగు ఉంచుకోండి. పాడైన మొదటి ముక్క ఫొటో కూడా.

మిషన్లు కొనాల్సిన పనిలేదు. కాలేజీ వర్క్‌షాప్‌లో జిగ్‌సా, డ్రిల్లు ఉంటే ఇన్‌స్ట్రక్టర్‌ను అడగండి. అడిగే విద్యార్థి వస్తే వాళ్లకూ సంతోషమే. లేదంటే ఊళ్లో వెల్డింగ్ షాపు ఉండనే ఉంది. రేకును మాత్రం కంప్యూటర్ నుంచి విప్పి, దూరంగా తీసుకెళ్లి కోయండి. ఇనుప రజను ఒక్క రవ్వ మదర్‌బోర్డు మీద పడినా షార్ట్ కావొచ్చు. కళ్లద్దాలు పెట్టుకోండి, కోసిన అంచును ఆకురాయితో రుద్దాకే రబ్బరు బీడింగ్ వేయండి. పవర్ సప్లయ్ డబ్బా జోలికి వెళ్లొద్దు, ప్లగ్గు తీసినా అందులో కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది. ఇక మొదటి కోత ఇంట్లో నడుస్తున్న కంప్యూటర్ మీద వద్దు. పాత సామాను షాపులో ఖాళీ కేబినెట్ అడగండి, తూకం లెక్కన ఇచ్చేస్తారు. కొలతలు తీయడానికి, బ్లేడు అలవాటు కావడానికి అది చాలు.