లోపము ఆమెదేనా?



ఆరు సంవత్సరములు నేను ఒక సహోదరి గర్భఫలము కొరకు ప్రార్థన చేశాను. ఆమె భర్త ప్రక్కనే నిలబడేవాడు. అతనిని కూడా పరీక్ష చేయించుకొమ్మని ఒక్కసారియైనా నేను చెప్పలేదు. ఈలోగా ఇరుగుపొరుగువారు ఆమెను శ్రీమంతములకు, తొట్టె వేడుకలకు పిలువడము మానివేశారు. అత్తగారు కుమారునికి మరొక సంబంధము చూస్తానన్నారు. చివరకు పట్నములో ఒక డాక్టరమ్మ, ముందు భర్తకు వీర్యపరీక్ష చేయించమన్నారు. ఫలితము తెలిసిన సాయంత్రము అతడు మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, లోపము నాలోనే ఉందట" అన్నాడు. సిగ్గుతో నా తల కూడా వంగిపోయింది.

అతని వీర్యకణములకు తోకలు సరిగా లేవు. వీర్యకణమునకు ఒక తల, దాని వెనుక పొడవైన తోక ఉంటాయి. ఆ తోక ఆడితేనే కణము ఈదుకుంటూ వెళ్లి అండమును చేరుతుంది. తోక లోపల మధ్యన రెండు, చుట్టూ తొమ్మిది జతల అతి సన్నని గొట్టములు ఉంటాయి. వాటిని కదిలించే చిన్న యంత్రము వంటి పదార్థము పేరు డైనీన్. దీనికి సంబంధించిన జన్యువు చెడినయెడల తోక పొట్టిగానో, వంకరగానో, చుట్టుకొనియో తయారవుతుంది. కొన్ని కణములకు తోకే ఉండదు.

1976లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్యోర్న్ అఫ్జీలియస్, కొందరిలో డైనీన్ లోపము వలన వీర్యకణములు కదలవని వివరించారు. ఊపిరి గొట్టములలోని సన్నని నూగు కూడా ఇదే కట్టడము గనుక, వారికి చిన్ననాటి నుండి దగ్గు, కఫము వదలవు. కొందరికి గుండె కుడివైపున ఉంటుంది. అయితే 2014లో ఫ్రాన్సు పరిశోధకులు డి.ఎన్.ఎ.హెచ్.1 అనే జన్యువు చెడినవారిలో తోకలు మాత్రమే పాడైనట్లు కనుగొన్నారు. కాబట్టి బలముగా అరక దున్నే మనిషికి కూడా ఈ లోపము ఉండవచ్చు. మగతనమునకు, దీనికి సంబంధము లేదు.

ఇటువంటి లోపములు చాలావరకు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు చెడిన ప్రతులు కలిసినప్పుడే బయటపడతాయి. ఆ తల్లిదండ్రులు మాత్రము ఆరోగ్యముగానే ఉంటారు. అటువంటి దంపతుల ప్రతి బిడ్డకు రెండూ చెడినవే వచ్చే అవకాశము నాలుగింట ఒక వంతు. మేనరికములలో ఇద్దరికీ ఒకే పూర్వికుని జన్యువు వచ్చి ఉండవచ్చు గనుక ఈ ప్రమాదము ఎక్కువ. కోడలిని నిందించిన అత్తగారే, తనకు తెలియకుండ, దానిని కుమారునికి ఇచ్చి ఉండవచ్చు. అందుకు ఆమెనూ నిందింపకూడదు. ఎవరూ కోరి ఇచ్చినది కాదు.

లేహ్యములు, నాటుమందులు తోకను బాగుచేయలేవు. వాటికి పొలము అమ్ముకోవద్దు. ఇక్సీ అనే పద్ధతిలో ఒక్క వీర్యకణమును సన్నని సూదితో అండములోనికి ప్రవేశపెడతారు. దీని ద్వారా బిడ్డలు పుట్టిన సంగతిని 1992లో బెల్జియము డాక్టర్లు ప్రకటించారు. తోక ఆడకపోయినా కణము ప్రాణముతో ఉంటే ఆశ ఉన్నది. ఖర్చు ఎక్కువ, ప్రతిసారి ఫలించదు. ముందుగా జన్యు సంబంధమైన సలహా కూడా తీసుకోవాలి.

పెండ్లయి సంవత్సరము గడిచినా గర్భము నిలువనియెడల భార్యాభర్తలు ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్లండి. మొదటి పరీక్షలలోనే పురుషుని పరీక్ష కూడా జరగాలి. అది సులువైనది, నొప్పి లేనిది. పెద్దలారా, "గొడ్రాలు" అనే మాట మన ఇండ్లలో ఇక వినబడనీయకండి. నేనైతే ఆ సహోదరి వద్దకు వెళ్లి క్షమాపణ అడిగాను. ఇప్పుడు ప్రార్థనలో ఇద్దరి పేర్లూ చెబుతున్నాను.