తాళాలున్నవీ, లేనివీ

ముట్లుడిగి ఏడెనిమిదేళ్లయిన ఆడమనిషికి మళ్లీ ఎర్రబట్ట అయితే మా గజ్వేల్ వైపు ఏమంటారో తెలుసునా? "వేడి చేసింది" అంటారు. మజ్జిగ తాగిస్తారు. నెల గడుస్తుంది, రెండు గడుస్తాయి. ఇంట్లో మగవాళ్లకు సంగతే తెలియదు. నిజమే, అలా కనిపించిన పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి క్యాన్సరు వుండదు. ఆ పదో మనిషి ఎవరో మజ్జిగ చెప్పదు గదా!

గర్భసంచి లోపలి పొరకు వచ్చే క్యాన్సరు మాట యిది. ముఖద్వారానికి వచ్చేది వేరు. దానికోసం చేసే పాప్ పరీక్ష బాగుందన్నారని దీని సంగతి మరిచిపోరాదు.

లోపలి పొరలో వచ్చేదీ ఒకటే రకం కాదు. 1983లో లెనిన్‌గ్రాడ్ వైద్యుడు బోక్‌మన్ 366 మంది రోగులను పరిశీలించి రెండు తరహాలుగా విడదీశాడు. మొదటిది ఈస్ట్రోజెన్ అనే హార్మోను అండతో పెరిగేది. ముట్లుడిగాక కూడా ఒంట్లోని కొవ్వు ఆ హార్మోనును తయారుచేస్తూనే వుంటుంది. అందుకే స్థూలకాయులకు యిది హెచ్చు. రెండోది వయసు మళ్లి, పొర పలచబడ్డాక వచ్చేది. సన్నగా వున్నవాళ్లనూ వదలదు. తక్కువమందికే వస్తుంది గాని, ప్రమాదం ఎక్కువ.

హార్మోను తాళంచెవి అనుకోండి. కణంలో దానికి సరిపడే తాళం వుంటేనే పని జరుగుతుంది. ఈస్ట్రోజెన్‌కు అలాంటి తాళం వుందని 1950ల చివర షికాగోలో ఎల్వుడ్ జెన్సన్ చూపించాడు. (పుస్తకాల్లో దీన్ని 'గ్రాహకం' అంటున్నారు. తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకే గొంతు దిగని మాట! తాళమే నయం.) మొదటి తరహాలో సాధారణంగా ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ తాళాలు రెండూ వుంటాయి. రెండో తరహాలో తరచు తక్కువగా వుంటాయి, లేదా అసలే వుండవు. గీత గీసినట్టు మాత్రం కాదు.

ప్రధాన చికిత్స ఆపరేషనే. అయితే తాళాలున్న జబ్బు లేతదశలోనే బయటపడితే, ఇంకా పిల్లలు కావాలనుకొనే పడుచుకు ప్రొజెస్టిరోన్ జాతి మందులతో, డాక్టర్ల కనిపెట్టులో, కొంతకాలం గర్భసంచి నిలుపుకొనే వీలుంది. తిరగబెట్టిన జబ్బులోనూ ఆ మందు కొందరికి పనిచేస్తుంది. తాళమే లేనిచోట చెవి తిప్పి ఏం లాభం? అక్కడ దారి వేరు.

అందుచేత ముక్క పరీక్షలో క్యాన్సరని తేలితే, రిపోర్టులో ఇ.ఆర్., పి.ఆర్. అనే మాటలున్నాయేమో అడగండి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి 1955 నుంచీ వుంది, ప్రభుత్వానిదే. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఎర్రబట్ట మొదట కనిపించిన తేదీ కాగితంమీద రాసుకొని వెళ్లండి. ముందు అడిగేది అదే.