మంచులో ఫెజెంట్, మన గుట్టల్లో కౌజు

పోయిన జనవరిలో మా పెద్దనాన్న కొడుకు సౌత్ డకోటా నుంచి ఒక వీడియో పంపాడు. మోకాళ్ళ లోతు మంచు. ముందు ఒక పాయింటర్ కుక్క ముక్కు కిందికి పెట్టి వాసన పట్టుకుంటూ పోతోంది. ఎండిపోయిన జమ్ము దుబ్బు దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒక కాలు పైకెత్తి, తోక నిటారుగా పెట్టి, బొమ్మలా నిలబడింది. అన్న రెండడుగులు వేశాడో లేదో, మంచు చీల్చుకుని ఒక ఫెజెంట్ పుంజు లేచింది. ఎర్ర ముఖం, మెడకు తెల్ల పట్టీ, మూరెడు తోక. ఒక్క పేలుడు. కుక్క ఉరికి దాన్ని నోట కరుచుకొచ్చి అన్న చేతిలో పెట్టింది. మొత్తం నలభై సెకన్లు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా రూంలో ఆ వీడియోను అందరం మూడుసార్లు చూశాం. నాలుగోసారి చూస్తుంటే ఒకడు అన్నాడు: "అరే, మనం గూడ పోదాంరా. మా ఊరి గుట్టల్ల కౌజులు మస్తుంటయి. ఎయిర్ గన్ ఉంది, దానికి లైసెన్స్ గూడ అక్కర్లేదు. కుక్కలా, ఊర్ల ఎన్నైనా దొరుకుతయి." పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూప్ పుట్టింది. ఆదివారం ప్లాన్. నేనొక్కడినే రానన్నాను.

"ఎందుకు? నువ్వు చికెన్ తినవా?" అని అడిగాడు. తింటాను. వారానికి మూడుసార్లు తింటాను. అందుకే ఆ రోజు సరైన జవాబు దొరకలేదు. ఇప్పుడు ఇక్కడ చెప్తున్నాను.

ముందు ఆ వీడియోలో కనపడని సంగతులు చెప్పాలి, ఎందుకంటే అన్నను తిట్టడం నా ఉద్దేశం కాదు. ఫెజెంట్ అమెరికా పిట్టే కాదు. 1881లో షాంఘైలో అమెరికా కాన్సల్‌గా ఉన్న ఓవెన్ డెన్నీ చైనా నుంచి వాటిని ఓరెగాన్‌కు పంపించాడు. అక్కడి నుంచి దేశమంతా పాకి, చివరికి సౌత్ డకోటాకు రాష్ట్ర పక్షి అయింది. అక్కడ సీజన్ అక్టోబర్‌లో మొదలై జనవరి 31 దాకా ఉంటుంది. రోజుకు మనిషికి మూడు పుంజులే. పెట్టను కాల్చకూడదు. ఒక పుంజు చాలా పెట్టలతో జత కడుతుంది కాబట్టి, కొన్ని పుంజులు పోయినా వచ్చే ఏడు పిల్లలు తగ్గవని లెక్క. పుంజుకూ పెట్టకూ రంగులో పోలికే లేదు కాబట్టి ఎగిరే పిట్టలోనూ తేడా తెలిసిపోతుంది.

జనవరికి మిగిలిన పుంజులు మామూలువి కావని అన్న చెప్పాడు. మూడు నెలలు తుపాకుల చప్పుడు విని బతికినవి. కారు డోర్ గట్టిగా వేస్తే అరకిలోమీటర్ దూరం నుంచే లేచిపోతాయట. చలి పెరిగేకొద్దీ గాలి తగలని జమ్ము దుబ్బుల్లోకి దూరతాయి. ఆ లోతు మంచులో మనిషి ఒక్కడే పోతే వట్టి నడకే మిగులుతుంది. కుక్కకూ కష్టమే. వేళ్ళ మధ్య మంచు గడ్డలు కడుతుంది, పైన గట్టిపడిన పొర కాళ్ళను కోస్తుంది, దుబ్బుల కింద ఐసు పలచగా ఉంటే నీళ్ళలో పడిపోతుంది. అయినా కుక్క లేకుండా పోకూడదంటాడు అన్న. దెబ్బ తగిలి పడ్డ పిట్ట మంచు కిందికి దూరిపోతే మనిషి కళ్ళకు కనపడదు. అది అక్కడే నరకయాతన పడి చస్తుంది. దాన్ని వెతికి తెచ్చేది కుక్క. వేటలో కుక్క చేసే అసలు పని అదే.

ఇంకోటి. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం అక్కడ వేట తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్ను ఉంది. ఆ డబ్బు వన్యప్రాణుల సంరక్షణకు పోతుంది. అంటే అన్న కాల్చిన ప్రతి తూటాలో ఎంతో కొంత మళ్ళీ ఆ పిట్టల బాగుకే చేరుతుంది. వేట మంచిదా చెడ్డదా అన్న వాదన అక్కడా ఉంది. కానీ దాని చుట్టూ ఒక లెక్క, ఒక హద్దు, ఒక ఖర్చు ఉన్నాయి.

ఇప్పుడు మన కౌజు దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో తీతర్ అంటారు. ఫెజెంట్, కౌజు, పూరేడు, నెమలి, మనం తినే కోడి, అన్నీ ఒకే కుటుంబం. చుట్టాలే. కానీ కౌజుకు పై లెక్క ఒక్కటీ వర్తించదు. ఆడా మగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మగదానికి కాలి మీద ముల్లు ఉంటుంది గానీ ఎగిరేటప్పుడు అది ఎవడికి కనపడుతుంది? సాధారణంగా జంటలుగా, చిన్న గుంపులుగా బతుకుతాయి. ఒకదాన్ని కొడితే ఒక జంట పోయినట్టే. మనిషికి ఇన్ని అని హద్దు లేదు, సీజన్ లేదు, లెక్కపెట్టేవాడు లేడు.

చట్టం మాట కూడా. .177 కాలిబర్, 20 జౌల్స్‌లోపు ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదన్నది నిజం. కానీ లైసెన్స్ మినహాయింపు తుపాకికి, పిట్టకు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో కొన్నిటిని లైసెన్సుతో వేటాడనిచ్చింది. 1991 సవరణతో ఆ దారి మూసేశారు. కౌజు, పూరేడు రెండూ రక్షిత పక్షులే. మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పైగా ఆ చట్టంలో వేట అంటే చంపడమే కాదు. వల వేయడం, ఉచ్చు పెట్టడం, ఎర పెట్టడం, తరమడం, చివరికి ప్రయత్నించడం కూడా వేటే. పిట్ట తప్పించుకుపోయినా కేసు తప్పించుకోదు.

మనం ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి ఒక చిన్న లెక్క. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 200 మీటర్ల వేగంతో పోతే దాని గతిశక్తి 10 జౌల్స్. అది డబ్బా మీద కొట్టడానికి సరిపోతుంది. తుప్పల్లో ఉరికే పావు కిలో పిట్టను, చేయి కుదరని మనం కొడితే, అది చావదు. రెక్క విరుగుతుంది, లేదా పొట్టలో పెల్లెట్‌తో తుప్పల్లోకి పోతుంది. వెతికి తెచ్చే నేర్పున్న కుక్క మన దగ్గర ఉండదు. మనం "మిస్సయింది" అనుకుని టీ తాగడానికి పోతాం.

ఇది ఊహించి చెప్పడం లేదు. తొమ్మిదో తరగతి సంక్రాంతి సెలవుల్లో మా ఊరికి పోయినప్పుడు నేను చేసిన పనే ఇది. నల్గొండ వైపు మా అమ్మమ్మ వాళ్ళ ఊరు. మామ కొడుకూ నేనూ వాళ్ళ కుక్క టైగర్‌ను తీసుకుని పొద్దున్నే చెలకల వైపు పోయాం. నా చేతిలో గులేరు. కందిచేను గట్టున కౌజుల గుంపు కనపడితే కొట్టాను. ఒకటి పొర్లి మళ్ళీ లేచి రేగు పొదల్లోకి పోయింది. మేం అరగంట వెతికి వదిలేశాం. టైగర్ వదల్లేదు. ఎంత పిలిచినా రాలేదు. ఇంటికొచ్చి అన్నం తింటుంటే అది వాకిట్లోకి వచ్చి ఆ పిట్టను తాత కాళ్ళ దగ్గర పెట్టింది. పిట్ట ఇంకా బతికే ఉంది.

తాత తిట్టలేదు. దాన్ని నా చేతిలో పెట్టాడు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో అరచేతికి తెలుస్తోంది. "కొట్టినోడివి, ఆఖరు దాక ఉండాలె గద బిడ్డా. కుక్కకున్న బుద్ధి నీకు లేకపాయె" అన్నాడు. చిన్నప్పుడు ఆయనా వేటకు పోయినవాడే. సాయంత్రానికి పిట్ట చనిపోయింది. ఎవరూ తినలేదు. ఆ తర్వాత నేను గులేరు పట్టలేదు. చికెన్ మానలేదు, అది ఒప్పుకుంటున్నాను. చికెన్ కోసం పెంచిన కోడి తగ్గిపోతే ఇంకో బ్యాచ్ వేస్తారు. ఆ చెలకల్లో కౌజు తగ్గిపోతే మళ్ళీ తెచ్చి వేసేవాడు లేడు. నాకు తోచిన తేడా అది. ఇది గొప్ప నీతి కాదు, కానీ తేడా ఉంది.

ఇక్కడ మా రూంమేట్ గట్టి మాటే అన్నాడు: "పెద్దోళ్ళు వేటాడితే షికారు, మనం వేటాడితే నేరమా?" నిజమే, చరిత్ర అట్లాగే ఉంది. ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు మీద ఆటోనగర్ దగ్గర కనపడే మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేట స్థలం. మామూలు మనిషి అడుగు పెట్టలేని చోటు. 1975లో, మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా, దాన్ని జింకల పార్కు చేసి ఆయన పేరు పెట్టారు. 1994లో నేషనల్ పార్క్ అయింది. తుపాకులు పేలిన నేలకు అహింస చెప్పినాయన పేరు. సుమారు 3,600 ఎకరాలు. చుట్టూ వనస్థలిపురం, హయత్‌నగర్, కాలనీ మీద కాలనీ. మధ్యలో కృష్ణజింకలు ఇంకా గంతులేస్తున్నాయంటే, ఒకప్పుడు ఎవరో తమ వేట కోసం ఆ నేలను అట్టే పెట్టుకున్నందుకే. ఈ మాట చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంటుంది, కానీ నిజం.

దీన్నిబట్టి మళ్ళీ వేట తెరవాలని నేననడం లేదు. నిజాంకు అడవి అంతా ఉంది, మనకు మిగిలింది ముక్కలు. పెద్ద అంబర్‌పేట, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు పోతే గుట్టల మీద తుప్పలున్న చోటల్లా వెంచర్ల జెండాలే. తుప్ప పోతే కౌజు పోతుంది, దానికి ఎయిర్ గన్ కూడా అక్కర్లేదు. 2025లో కంచ గచ్చిబౌలిలో రాత్రిపూట బుల్‌డోజర్ల మధ్య నెమళ్ళు అరిచిన వీడియోలు మనమందరం షేర్ చేశాం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. ఆ రోజు స్టేటస్ పెట్టినవాళ్ళలో ఇప్పటి ఎయిర్ గన్ గ్రూప్ వాళ్ళూ ఉన్నారు. నెమలికి ఏడ్చి దాని చుట్టాన్ని కొట్టడం ఏం లాజిక్?

ఇంకో సంగతి నన్ను ఎక్కువ కదిలిస్తుంది. మన దగ్గర పిట్టల గురించి నిజంగా తెలిసినవాళ్ళు పిట్టలు పట్టి బతికినవాళ్ళే. పంజరంలో పెంచిన కౌజును దీమంగా పెట్టి, దాని కూతకు వచ్చే అడవి కౌజులను పట్టేవారు. కలివి కోడి కథే చూడండి. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు కడప అడవుల్లో వెతుకుతుంటే 1986 జనవరిలో దాన్ని పట్టి ఇచ్చింది రాత్రిపూట టార్చి వెలుగులో పిట్టలు పట్టే ఒక స్థానిక వేటగాడు. ప్రపంచం పోయిందనుకున్న పిట్ట అతని ఊరి పక్క తుప్పల్లోనే ఉంది. ఆ తుప్పలే తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమయ్యాయి. మరి అలాంటి మనిషికి మనమిచ్చింది ఏమిటి? చట్టం వచ్చాక ఆ కులాల వాళ్ళకు వేరే బతుకుతెరువు చూపించకుండా కేసులు మాత్రం చూపించాం. వాళ్ళను ఫారెస్ట్ గార్డులుగా, పిట్టలు చూపించే గైడ్లుగా జీతమిచ్చి పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఆకలికి ఉచ్చు పెట్టినవాడు కటకటాల వెనక, రీల్ కోసం కాల్చినవాడు ఇన్‌స్టాలో ఉండటం న్యాయం కాదు.

ఎయిర్ గన్ పట్టినవాడు మారడా అంటే, మారతాడు. సలీం అలీ చిన్నప్పుడు ఎయిర్ గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. మెడ మీద పసుపు మచ్చ కనపడితే, ఇదేం పిట్ట అని తెలుసుకోవడానికి బాంబే సొసైటీ మెట్లెక్కాడు. అక్కడి నుంచి ఆయన జీవితమే మారింది. 1931-32లో మన హైదరాబాద్ రాజ్యంలో పక్షుల సర్వే చేసింది ఆయనే. కొట్టడం అందరూ చేసేదే. కొట్టిన పిట్ట ఏదని అడగడం ఆయన చేశాడు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఆదివారం ప్లాన్ రద్దు చేయొద్దు. అదే టైం, అదే గుట్టలు, అదే బైకులు. తెల్లారేసరికి అక్కడుండాలి, కౌజు ఎక్కువగా కూసేది అప్పుడే. మనలో ఎవరికీ తెలియకపోతే డెక్కన్ బర్డర్స్ ఉన్నారు, 1980లో బర్డ్ వాచర్స్ సొసైటీగా మొదలైన సంస్థ. వాళ్ళతో ఒకసారి నడిస్తే చాలు. ఎన్ని కౌజులు కూశాయో, ఏ గుట్ట మీదో, ఈబర్డ్‌లో ఎక్కిద్దాం. రేపు ఆ గుట్ట మీద వెంచర్ జెండా పడితే, ఇక్కడ ఇవి ఉండేవి అని చూపించడానికి ఒక కాగితమైనా ఉంటుంది.

మా గ్రూప్‌లో ఇప్పటికి ఇద్దరు సరేనన్నారు. ఎయిర్ గన్ యజమాని ఇంకా ఏమీ తేల్చలేదు, బ్లూ టిక్ మాత్రం పడింది. ఆదివారం పొద్దున 5 గంటలకు ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ కింద కలుద్దాం. మెట్రో అప్పటికి మొదలవదు, బైక్ లేనివాళ్ళు ముందే చెప్పండి. కుక్కలను మాత్రం తేవద్దు. గుడ్లు, పిల్లలు ఉన్న చోట అవి ఆగవు, వాటికి ఆపడం నేర్పిన తాతలు మన దగ్గర లేరు.