లేని సంకెళ్లు తెంచారట!

వీలునామాకు ప్రొబేట్ (కోర్టు ధ్రువీకరణ) తప్పనిసరి అన్న నిబంధనను ఎత్తేసి, వలస పాలన నాటి పీడ వదిలించామని, జనం బతుకు సులువు చేశామని కేంద్ర ప్రభుత్వం భుజాలు చరుచుకుంటోంది. 2025 డిసెంబరులో 71 పాత చట్టాలను సాగనంపిన బిల్లులోనే, 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని 213వ సెక్షన్‌కూ నీళ్లొదిలారు. మతాన్ని బట్టి, నగరాన్ని బట్టి వర్తించే నిబంధన పోవడం మంచిదే. ముంబయిలో చిన్న ఖోలీ కొనుక్కున్న పాలమూరు వలస కుటుంబానికి కొంత ఊరట కూడా. అంతవరకే చెప్పుకొంటే ఎవరికీ పేచీ ఉండేది కాదు. వారసుల కష్టాలన్నీ దీంతో గట్టెక్కినట్టు చాటడమే పచ్చి మోసం.

ఇంతకూ ఆ సెక్షన్ ఎవరిని కట్టేసింది? ఒకనాటి బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ ఏలుబడిలోని ప్రాంతాన్ని, మద్రాసు, బొంబాయి నగరాలను. ఆ చట్టం వచ్చిన నాటికి పాలమూరులోని గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ నిజాం కింది సంస్థానాలు. అక్కడ రాజుగారి వారసత్వం ఖాయం కావాలన్నా నిజాం ఆమోదం కావాలి, నజరానా చెల్లించాలి. హిందూ రైతు రాసిన వీలునామాకు మాత్రం ప్రొబేట్ తెమ్మని ఆ సెక్షన్ ఇక్కడ ఏనాడూ అడగలేదు. సంస్థానాలు పోయాయి, పని కావాలంటే ఏదో ఒకటి ముట్టజెప్పే అలవాటు మాత్రం మిగిలింది. ఆ పీడ వదిలించే సెక్షన్ 71 చట్టాల మూటలో వెతికినా దొరకదు.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులుంటే చాలు. ముసలాయన వేలిముద్ర వేస్తాడు, చూస్తున్న ఇద్దరు పక్కన సంతకాలు పెడతారు. కొన్నేళ్లకు ఆయన కాలం చేస్తాడు. అన్నదమ్ముల్లో ఒకడు అడ్డం తిరుగుతాడు. అప్పుడు కోర్టు అడిగే మొదటి ప్రశ్న, సాక్షులేరీ అని. బతికున్నవారిలో కనీసం ఒకరైనా బోనెక్కి చెప్పాలి. పాత సాక్ష్య చట్టంలో ఇది 68వ సెక్షన్, కొత్త భారతీయ సాక్ష్య అధినియంలో 67. మారింది అంకె ఒక్కటే. ఒక సాక్షి అప్పటికే పోయి ఉంటాడు. రెండోవాడు మేస్త్రీ వెంట పుణెలో కాంక్రీటు మోస్తుంటాడు. వాయిదాకు రమ్మంటే రైలు చార్జీలెవరివి, పోయిన కూలి ఎవరిస్తారు? వచ్చిన రోజే కేసు మళ్లీ వాయిదా పడితే? 2022 జూన్‌లో గద్వాల, వనపర్తిలలోనూ, కొల్లాపూర్ ఉన్న జిల్లాకు నాగర్‌కర్నూల్‌లోనూ జిల్లా కోర్టులు ఏర్పడ్డాయి, సంతోషమే. సాక్షి మాత్రం పుణెలోనే ఉన్నాడు.

ఈ రాత నిజంగా పోయిన మనిషి రాసిందేనా అన్న ప్రశ్నకు జవాబే ప్రొబేట్. కోర్టు దగ్గరి బంధువులకు కబురు పెట్టి, అభ్యంతరాలు విని, అందరూ కట్టుబడాల్సిన మాట ఒకటి చెబుతుంది. ఆ మెట్టు తప్పనిసరి కాదన్నంత మాత్రాన ప్రశ్న మాయమవదు. తాసిల్దారు ముందుకో, బ్యాంకు కౌంటరుకో, ఏళ్ల తరబడి సాగే సివిల్ దావాకో చేరుతుంది. అక్కడ కాగితం ఎవరి చేతిలో ఉంటే వారిదే పైచేయి.

ఆ కాగితం ఆడబిడ్డ చేతిలో ఎప్పుడుంది? ఉమ్మడి ఆస్తిలో కూతురికి పాలు ఇస్తూ నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్ట సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది. 2005లో పార్లమెంటు ఆ హక్కును దేశమంతటికీ విస్తరించింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు మిగిలిన సందేహాలనూ తీర్చింది. ఉమ్మడి ఆస్తిలో తండ్రి తన భాగాన్నే వీలునామా రాయగలడు. కూతురి భాగం ఆయన రాసిచ్చేది కాదు. అయినా ఊళ్లో నడిచేది ‘పెండ్లప్పుడే పెట్టినం గదా, ఇంకేం పాలు?’ అన్న తీర్పు. భూమంతా కొడుకుల పేర రాసిన కాగితం తీసుకొని విరాసత్‌కు (వారసుల పేర భూమి మార్పిడికి) పోతే, అడ్డం చెప్పేందుకు ఆమెకు ముందు సంగతి తెలియాలి కదా! 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం వారసులకు నోటీసిచ్చి, 30 రోజుల్లో విచారణ ముగించాలంటోంది. ఆ నోటీసు అత్తగారింట్లో ఉన్న ఆమె చేతికి చేరిందా, పుట్టింటి గడపలో అన్న చేతికి చేరిందా అన్నదే అసలు సంగతి.

సులువు చేయాలన్న బుద్ధి నిజంగా ఉంటే దారులున్నాయి. వీలునామా రిజిస్టరైన రోజే సాక్షుల మాటను వీడియోలో నమోదు చేసి, అదే సాక్ష్యంగా చెల్లేలా కేంద్రం చట్టం మార్చాలి. విరాసత్ నోటీసును ప్రతి కూతురికీ ఆమె ఉంటున్న ఊళ్లో చేతికివ్వాలని, హక్కు వదులుకునే సంతకం అన్నదమ్ములు పక్కన లేకుండా తీసుకోవాలని రాష్ట్రం గట్టి నియమం పెట్టాలి. అంతవరకు ఈ విముక్తి సంబరాలకు పాలమూరును పిలవొద్దు.